గురిగింజెత్తు

రేకుల పుస్తకం తెరిచే ముందు
మేస్త్రి వైత్తిలింగం ఫ్యాను ఆపమంటాడు.
చిత్తిరై నెల, తంజావూరు, రేకుల కప్పు.
గదిలో ఐదుగురం.
పీల్చిన గాలిని పీల్చినచోటే కట్టేసుకుంటాం.
తుమ్మితే నా కూలి ఎగిరిపోతుందని
చేరిన రోజే నేర్పిన పాఠం.

దానికి ముందు చాలా ఉంది, ఎవరూ అడగరు.
పనసచెక్క మీద గుడ్డ అంటించడం,
చింతగింజలు వేయించి, పొట్టు ఊది, నూరి
గంజి కాయడం,
సుద్దా జిగురూ కలిపి
దోసెల పిండి జారుకి తేవడం,
ఆరాక నున్నటి రాయితో రుద్దడం, రుద్దడం.
నా కుడి మణికట్టు ఇప్పుడు ఆ రాయి సొత్తు.

ఆవిడ వచ్చిన రోజు ఫ్యాను తిరుగుతూనే ఉంది.
పాపనాశం బస్సు దిగి నడిచొచ్చింది,
పేరు తైయల్‌నాయకి.
చంకలో దుప్పటి, దుప్పట్లో పటం.

విప్పింది.
వెన్నముద్ద పట్టుకున్న బొద్దు కృష్ణుడు,
ఒంటి మీద నగ లేదు.
హారం ఉండాల్సిన చోట సుద్ద,
కిరీటం చోట సుద్ద,
తోరణం, స్తంభాలు, యాళి కోరలు
ముగ్గు మీద వాన పడ్డట్టు.
కళ్లు మాత్రం ఉన్నాయి, తడిగా,
నిన్న దిద్దినట్టు.

"మా అవ్వ గీకింది" అంది.
"గాలివాన ఏడు. తాతను కావేరి తీసుకుపోయింది.
నలుగురు పిల్లలు.
జడపిన్నుతో రాత్రంతా గీకిందట,
కాస్త ఓర్చుకోరా నాయనా అని
ఆయనకే చెప్పుకుంటూ.
ఆరు నెలలు ఆ బంగారమే తిన్నారు మావాళ్లు.
ఇప్పుడు నాన్న మంచం దిగడం లేదు.
కృష్ణుడి బాకీ తీర్చేయమంటాడు,
తీర్చందే పోనంటాడు."

మేస్త్రి పటాన్ని కిటికీ వైపు తిప్పాడు.
నేను లెక్క వేశాను.
వద్దనుకుంటూనే వేశాను.
ఇంత పటానికి ఎన్ని రేకులో తెలుసు,
ఊపిరికి లేచిపోయేది ఎంత తూగుతుందో తెలుసు.
గీకినదాంట్లో సగం సుద్ద,
కొంత గోళ్ల కింద.
కాల్చి, కడిగి, కంసాలి త్రాసులో పోస్తే
గురిగింజెత్తు.
ఆనాటి ధరకి వారం నూకలు,
నీళ్లు పోసి సాగదీస్తే పది రోజుల గంజి.

ఆరు నెలలు?

మేస్త్రి నా వైపు చూశాడు.
ఆయన లెక్కా అయిపోయింది.
మిగిలిన ఐదున్నర నెలలు
మా ఇద్దరి మధ్య వచ్చి నిలబడ్డాయి,
మోకాళ్ల దాకా బురదతో,
ఎవరింటివో అంట్లగిన్నెలతో,
ఇంకా దేనితోనో, తల పైకెత్తకుండా.

"ఆమె పేరేంటమ్మా?"
అదొక్కటే అడిగాడు.
తైయల్‌నాయకి చాలాసేపు వెతుక్కుంది.
"అవ్వా అనే పిలిచేవాళ్లం.
రేషన్ కార్డులో ఏదో ఉండేది."

ఇరవై రోజుల పని.
పగుళ్లలో సుద్ద కూరాను, ఎగుళ్లు లేపాను,
అద్దాలు గుచ్చాను.
ఎడమ భుజం దగ్గర పిన్ను జారి
హారం దాటి ఒంటి రంగులోకి దిగిన గీత ఉంది,
వెంట్రుక మందం.
దాన్ని పూడ్చబోతే మేస్త్రి
నా చేతిలో కుంచె తీసుకుని
నీళ్లలో పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం రేకుల పుస్తకం తెరిచాం.
ఫ్యాను ఆగింది.
ఐదుగురం ఊపిరి బిగబట్టాం.
రేకు వణికింది, దిగింది, పట్టుకుంది.
ఒక్కో రేకు పరుస్తూ మనసులో
ఇది ఒక పూట, ఇది ఒక పూట అనుకున్నాను.
పటం మొత్తం నిండినా
నెల తిరగలేదు.

ఆవిడ వచ్చి చూసి కళ్లు తుడుచుకుంది.
వేలితో తడుముతూ తడుముతూ
భుజం దగ్గర ఆగింది.
"ఇక్కడ గీత వదిలేశారే?
రెండొందలు తగ్గించుకోండి."

మేస్త్రి తగ్గించాడు.
బస్సుకి వేళయిందని ఆవిడ దుప్పటి చుట్టింది.
నేను లేచి
ఫ్యాను వేశాను.